ఏడో నంబరు సీసా

నీళ్లలో పెరిగే పచ్చటి వాటిని చూసి పేరు చెప్పడం నా ఉద్యోగం. ముప్ఫై రెండేళ్లు బందరులో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. నాచు అనో పాచి అనో మీరంతా ఒక్క మాటతో తేల్చేసేదాన్ని నేను పాతిక పేర్లతో పిలవగలను. చేతిలోకి తీసుకుంటే తడిసిన జుట్టులా జారిపోయేది స్పైరోగైరా. అలాగే పోగులుగా ఉన్నా చేతికి గరుగ్గా తగిలేది క్లాడోఫోరా. గళ్లు గళ్లుగా చిన్న వలలా ఉండేది హైడ్రోడిక్షియాన్. నీళ్ల మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టి, కర్ర ముంచి తీస్తే కర్రకి రంగు అంటుకునేలా ఉంటే అది మంచిది కాదు, ఆ నీళ్లు గేదెల్ని కూడా తాగనివ్వకూడదు. వీటిలో చాలావాటికి మైక్రోస్కోపు అక్కర్లేదు. కన్ను, వేలు, ముక్కు ఉంటే చాలు. ఈ మూడూ నాకు అందరికంటే బాగా పనిచేస్తాయని నా నమ్మకం. ఆ నమ్మకంతో చాలామందిని చిన్నచూపు చూశాను.

ఇప్పుడు రిటైరయ్యాను. షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి, మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే కోపం మాత్రం రిటైరవలేదు. ఆ కోపం ఈమధ్య ఎక్కువగా నా మీదికే మళ్లుతోంది. దానికి కారణం ఒక సీసా.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మా హెడ్ గారు పిలిచి, "కారా తెచ్చిపెట్టాలయ్యా. పాత సీసా ఎండిపోయింది. కారా లేకుండా ప్రాక్టికల్ పరీక్ష ఎలా పెడతాం?" అన్నారు. కారా అంటే చూడ్డానికి మొక్కలా ఉండే నాచు. సన్నటి కాడ ఉంటుంది. కాడ పొడుగునా కణుపులు, ప్రతి కణుపు దగ్గరా చుట్టూ గొడుగు ఊచల్లా చిన్న చిన్న కొమ్మలు. కానీ వేరు ఉండదు, పువ్వు పూయదు. ఇదంతా నాకు పుస్తకంలో బొమ్మగా తెలుసు. ప్రాణంతో ఉన్న కారాని అప్పటికి నేను చూడలేదు. ఆ మాట హెడ్ గారితో అనడానికి నామోషీ. "అలాగేనండీ" అని, మర్నాడు టిఫిన్ క్యారేజీ, ఫార్మలిన్ డబ్బా ఒకే సంచిలో వేసుకుని బస్సెక్కాను.

తోట్లవల్లూరు దగ్గర కాలవ పక్కన ఒక మడుగులో దొరికింది. కాడ ఉంది, కణుపులున్నాయి, చుట్టూ కొమ్మలున్నాయి. వేరు లేదు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గట్టు మీదే కూర్చుని మూడు సీసాల్లో వేసి ఫార్మలిన్ పోశాను. అది మా వృత్తిలో అలవాటు. దొరికింది దొరికినట్టు ఫార్మలిన్లో పడెయ్యాలి, లేకపోతే ఇంటికి చేరేలోపు కుళ్లిపోతుంది. అయితే ఫార్మలిన్లో పడ్డాక ఏ నాచైనా రంగు పోయి ఉడికిన తోటకూర కాడలా తయారవుతుంది. వాసన తెలీదు. తాకి చూడ్డానికి లేదు. ఇక మిగిలేది సీసా మీద అంటించిన కాగితం ఒక్కటే. మా పిల్లలు నాచుని చూసి నేర్చుకోలేదు, కాగితం చూసి నేర్చుకున్నారు. మేమూ అలాగే నేర్చుకున్నాం.

హెడ్ గారు సీసాని ఒకసారి దీపానికి అడ్డం పెట్టి చూసి, "భలే తెచ్చావయ్యా" అన్నారు. నేను ఇండియన్ ఇంకుతో, నా శక్తికొద్దీ అందంగా, పేరూ ఊరూ రాసి మైదా జిగురుతో అంటించాను. ఒక సీసా మా దగ్గర ఉంచుకుని, రెండు పక్క కాలేజీలకి ఇచ్చాం. అందులో ఒకటి గుడివాడ వెళ్లింది.

పదమూడేళ్ల తర్వాత ఆ గుడివాడ కాలేజీకే నేను ప్రాక్టికల్ పరీక్షలకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లాను. ఆ రోజుల్లో ఎక్స్‌టర్నల్ అంటే కొత్తల్లుడే. స్టేషన్‌కి మనిషొస్తాడు, దిగగానే కొబ్బరిబొండం, పదింటికి టిఫిను, పదకొండింటికి మళ్లీ టీ. పిల్లలు మన ముఖంలోకి చూడ్డానికే భయపడతారు. నాకది నచ్చేది కాదని చెప్తే అబద్ధం.

పరీక్షలో స్పాటర్లని ఉంటాయి. బల్ల మీద వరసగా సీసాలు పెడతారు. సీసా మీది పేరు కనపడకుండా దాని మీద నంబరు చీటీ అంటిస్తారు. బెల్లు కొట్టినప్పుడల్లా పిల్లలు ఒక సీసా ముందు నుంచి ఇంకో సీసా ముందుకి జరుగుతూ, పేరేంటో, ఎలా గుర్తుపట్టారో రాయాలి. లోపలున్నది ఎలాగూ తోటకూర కాడే కాబట్టి పిల్లలు సీసాల్నే బట్టీ పట్టేవాళ్లు. పొట్ట సీసా అయితే వోల్వాక్స్, మూత మీద మైనం కారింది ఈడోగోనియం, పొడుగు సీసా కారా. సీనియర్లు జూనియర్లకి చెప్పేసి వెళ్తారు. మాకూ తెలుసు. తెలిసీ సీసాలు మార్చేవాళ్లం కాదు, పాసవుతారు కదా అని.

ఆ రోజు ఏడో నంబరు సీసా దగ్గర ఒకమ్మాయి ఆగిపోయింది. బెల్లు కొట్టినా కదల్లేదు. సీసాని కిటికీ వైపు తిప్పి, భూతద్దం పెట్టి చూస్తోంది. వెనకున్నవాళ్లు మోచేత్తో పొడిస్తే అప్పుడు జరిగింది. మధ్యాహ్నం వైవా దగ్గర ఆమె పేపరు నా చేతికొచ్చింది. ఏడో నంబరుకి అందరూ కారా అని రాశారు. ఈమె రాసింది ఇదీ: "కారా కాదు. సెరటోఫిల్లం. ఇది శైవలం కాదు, పుష్పించే మొక్క." శైవలమంటే నాచే.

"ఏవమ్మా, ఇదేంటి?" అన్నాను.

"కారా కాదు సార్ అది" అంది. దివిసీమ పిల్ల. గుడివాడలో హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్ల నాన్న కౌలుకి వరి చేస్తాడని తర్వాత తెలిసింది.

"నీకెలా తెలుసు?"

"కణుపు దగ్గర చుట్టూ ఉన్నయ్ చూడండి సార్, ఒక్కోటీ కొస దగ్గర రెండుగా చీలింది. కారాకి అట్టా చీలదు. పైగా అంచునంతా రంపంలాగా సన్న పళ్లున్నయ్. కారా మా చేలో ఉంటది సార్. మేం కంపు పాచి అంటాం. చేత్తో నలిపితే వెల్లుల్లి కంపు. గట్టు మీద పారేస్తే ఎండి సున్నం కొట్టినట్టు తెల్లబడుద్ది. ఇది ఎంత ఎండినా తెల్లబడదు."

ఆమె గొప్పకి చెప్పలేదు. ఇంట్లో గిన్నెల గురించి చెప్తున్నట్టు మామూలుగా చెప్పింది. నేను సీసా తెప్పించుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. అద్దం పెట్టి చూశాను. చీలింది. కొన్నిచోట్ల ఒకసారి కాదు, రెండుసార్లు చీలింది. పళ్లు కూడా ఉన్నాయి, చూడాలనుకుంటే అద్దం కూడా అక్కర్లేనంత స్పష్టంగా. ఈ తప్పు ఎవరు చేశారా అని నంబరు చీటీ అంచు గోటితో ఎత్తి చూశాను. కింద ఇండియన్ ఇంకు. తోట్లవల్లూరు. నా చేతిరాత.

ఆ కాలేజీ లెక్చరరు గారు నా భుజం మీదుగా తొంగి చూసి, "మీరిచ్చిన సీసాయే కదండీ మాస్టారూ! ఇన్నేళ్లయినా చెక్కు చెదరలేదు" అన్నారు. పాపం, నన్ను మెచ్చుకుంటున్నారు. గదిలో ఇరవై మంది పిల్లలున్నారు, ఇద్దరు అటెండర్లున్నారు.

అక్కడ నేను చెయ్యాల్సింది చాలా చిన్న పని. "ఈ అమ్మాయి చెప్పింది నిజమండీ, ఆ తప్పు నాది" అంటే సరిపోయేది. నవ్వేసేవాళ్లు. ఆ పిల్ల జీవితాంతం చెప్పుకునేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అని సామెత ఉంది కదా. ఆ సామెతలో మనిషికి నాలుగో కాలు కనపడలేదేమో. నాకు కనపడింది. కనపడ్డాకే మూడన్నాను.

"కలుపు తీసే దగ్గర నేర్చుకున్నవి పరీక్షలో రాయకూడదమ్మా. పుస్తకంలో ఏముందో అది రాయాలి. కొస చీలిందా? నాకు కనపడలేదే! ముందు కళ్లకి అద్దాలు పెట్టించుకో."

పిల్లలు నవ్వారు. ఎక్స్‌టర్నల్ జోకేస్తే నవ్వాలి కదా. ఆమె ఒకసారి సీసా వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. "సారీ సార్" అంది. నేను ఆమె రాసినదాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, వైవాలో వెయ్యగలిగినంత తక్కువ వేశాను. వాదించిందని. తర్వాత కొరమీను పులుసుతో భోజనం పెట్టారు. ముద్ద దిగలేదని రాస్తే బావుంటుంది కానీ, దిగింది. రెండోసారి వడ్డించుకున్నాను కూడా.

తర్వాత వారం మా కాలేజీలో నా సీసాని లాబు వెనక డ్రైనేజీలో నేనే పారబోశాను. అడిగితే చెయ్యి జారి పగిలిందన్నాను. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పకుండా పెడన వైపు వరిచేలల్లో తిరిగి, ఆ పిల్ల చెప్పిన గుర్తులతోనే అసలు కారాని పట్టుకున్నాను. నలిపి వాసన చూశాను. నిజంగానే వెల్లుల్లి కంపు. ఆసారి ఫార్మలిన్ పొయ్యకుండా, పచ్చిదే తడిగుడ్డలో చుట్టి బస్సులో తెస్తుంటే పక్కాయన ముక్కు మూసుకుని, "ఏవండీ, అందులో ఎండుచేపలా?" అని సీటు మారిపోయాడు. ఇంటికొచ్చి పెరట్లో ఆరబెట్టాను. మూడో రోజుకి సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

ఇంకా సిగ్గుపడాల్సింది చెప్తాను. మర్నాటి నుంచీ అదే పాఠంగా చెప్పడం మొదలుపెట్టాను. "కారాకి కొస చీలదు. చీలిందా, అది కారా కాదు. నలిపి చూడండి, ఎండబెట్టి చూడండి. సీసాని నమ్మకండి!" అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. మా సార్ కళ్లు మైక్రోస్కోపులని పిల్లలు చెప్పుకునేవాళ్లు. ఆ మాట నా చెవిన పడేది, పడాలని వరండాలో కాస్త నెమ్మదిగా నడిచేవాణ్ణి. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఒక్క బ్యాచికీ చెప్పలేదు.

గుడివాడ లెక్చరరు గారికి ఉత్తరం రాద్దామని రెండుసార్లు కవరు మీద అడ్రసు రాశాను. లోపల పెట్టాల్సిన కాగితం రాయలేదు. సెల్‌ఫోన్లొచ్చాక ఉత్తరం రాయడం కుదర్లేదన్న సాకు కూడా పోయింది. నంబరు ఉంది, ఆయన పండక్కి మెసేజీ కూడా పెట్టేవారు. మాది చర్చికి వెళ్లే కుటుంబం. ప్రతి ఆదివారం అందరితో పాటు తల వంచి తప్పులు ఒప్పుకునే ప్రార్థన చెప్తాను. మనసులో చిన్న చిన్న తప్పులన్నీ వరసపెట్టి ఏరుకుంటాను, దీన్ని మాత్రం దాటేసి.

పోయిన చలికాలంలో దివిసీమలో ఒక హైస్కూలు వాళ్లు సైన్సు ఫెయిరుకి న్యాయనిర్ణేతగా రమ్మన్నారు. రిటైరైనవాణ్ణి ఎవరైనా పిలిస్తే అదే పదివేలు. పులిగడ్డ అక్విడక్టు దాటుతుంటే పక్కసీటాయనకి కాలవలో ఆకుపచ్చ తెట్టు చూపించి ఉపన్యాసం కూడా ఇచ్చాను. స్కూలు గేటు దగ్గర బయాలజీ టీచరు ఎదురొచ్చింది. నలభై దగ్గర పడిన మనిషి, కళ్లజోడు.

"గుర్తుపట్టారా సార్? గుడివాడ. ఎక్స్‌టర్నల్‌గా వచ్చారు మీరు" అంది.

గొంతు ముందు గుర్తొచ్చింది. మనిషి తర్వాత గుర్తొచ్చింది. నేను గుర్తులేదన్నట్టు తల ఊపాను.

"నేనే కావాలని మీ పేరు చెప్పాను సార్ మా హెడ్మాస్టారికి. రండి, మా పిల్లలు చేసినవి చూద్దురుగాని" అని లోపలికి తీసుకెళ్లింది. ఒక గదంతా నీళ్ల మొక్కలు, నాచులు. ఫార్మలిన్ లేదు. గాజు సీసాల్లో కాలవ నీళ్లు పోసి, పచ్చగా ప్రాణంతో పెట్టారు. తాకి చూడ్డానికి పక్కనే పళ్లాలు. స్పైరోగైరా దగ్గర 'జారుతుంది', క్లాడోఫోరా దగ్గర 'గరుకు' అని పిల్లల రాత. నేను ముప్ఫై రెండేళ్లలో చెయ్యలేని పని అది. చూసుకుంటూ వెళ్లి చివరి సీసా దగ్గర ఆగిపోయాను. లోపల నక్క తోకలా గుబురుగా సెరటోఫిల్లం. బయట కాగితం మీద 'కారా'.

"ఇది మీ దగ్గర నేర్చుకున్నదే సార్" అంది నవ్వుతూ. "ఆ రోజు మీతో వాదించాను కదా. మా చేలోదే కారా అనుకునేదాన్ని. మీరు చూసి కాదన్నాక అర్థమైంది, నేను చూడాలనుకున్నదే నాకు కనపడిందని. అప్పటిదాకా ఎమ్మెస్సీ బోటనీ చెయ్యాలని ఉండేది. కంటితో చూసింది కూడా సరిగ్గా చెప్పలేనిదాన్ని నాకెందుకని బీఈడీలో చేరాను. మంచిదే అయిందిలెండి. పిల్లలకి కూడా ప్రతి ఏడూ ఈ కథ చెప్తాను, మన కళ్లని మనం గుడ్డిగా నమ్మకూడదని. కళ్లజోడు కూడా అప్పుడే పెట్టించుకున్నాను. డాక్టరు గారు సైటేం లేదన్నారు, నేనే బలవంతంగా చిన్న పవరు రాయించుకున్నాను."

బల్ల పట్టుకున్నాను. ఆమె కుర్చీ లాగి, "కూర్చోండి సార్, ప్రయాణం బడలిక" అంది. కూర్చున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక మనిషిని కాననిపించింది.

"అమ్మా, ఇది కారా కాదు. నువ్వు ఆ రోజు రాసిందే రైటు. సీసా నాదే. పేరు తప్పు రాశాను."

ఆమె సీసాలోంచి ఒక కొమ్మ తీసి అరచేతిలో పరుచుకుంది. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, వట్టి కళ్లతో దగ్గరగా చూసింది. కొస చీలిన చోట వేలు పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది సార్ మీకు?"

నేను ఊహించిన ప్రశ్నలన్నిట్లో ఇది లేదు. ఎందుకలా చేశారని అడుగుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆ రోజే, నీ ముందే, కిటికీ దగ్గరే అనాలి. నోరు తెరిచాను.

"ఈమధ్యనేనమ్మా. పాత పుస్తకాలు తిరగేస్తుంటే" అన్నాను.

"అయ్యో, దానికి మీరింత బాధపడతారేంటి సార్! పొరపాటు ఎవరికైనా జరుగుద్ది" అంది. కొమ్మని మళ్లీ సీసాలో వేసింది. "మా నాన్నకి చెప్పాలి, కంపు పాచే కారా అని. ఆయన ఇప్పటికీ దాన్ని గట్టు మీదికి లాగుతానే ఉంటాడు."

అని అక్కడితో ఆగలేదు. బయట వరండాలో ఉన్న పిల్లలందర్నీ లోపలికి పిలిచింది. యాభై మంది దాకా వచ్చి గోడల వెంట నిలబడ్డారు. సీసా మీది కాగితం చించేసింది.

"ఇటు చూడండి. నేను మీకు తప్పు చెప్పాను. ఇది కారా కాదు. అసలు నాచే కాదు, మొక్క. చూడండి, కొస చీలింది. అసలు కారా మన చేలల్లో ఉంటది, రేపు తీసుకొచ్చి చూపిస్తాను."

"మరి పోయినేటి పదో క్లాసోళ్లకి టీచర్?" అంది ముందు వరసలో ఒకమ్మాయి.

"వాళ్లకీ తప్పే చెప్పాను. ఇవాళే గ్రూపులో పెడతాను. వాళ్ల ముందు బ్యాచికి కూడా." అంతే. మొత్తం ఒక నిమిషం పట్టలేదు. గొంతు తగ్గించలేదు, సాకు చెప్పలేదు. నా పేరు కూడా ఎత్తలేదని నేను ఊపిరి పీల్చుకుంటుండగా నా వైపు తిరిగింది.

"ఈ సంగతి నాకెట్టా తెలిసిందో తెలుసా? ఈ సార్ చెప్పారు. తప్పని తెలిసిన వెంటనే, ఈ వయసులో బందరు నుంచి ఇంతదూరం వచ్చి, తన తప్పు తనే చెప్పారు. పెద్దవాళ్లంటే ఇట్టా ఉండాలి. అందరూ సార్‌కి చప్పట్లు కొట్టండి."

కొట్టారు. పల్లెటూరి పిల్లలు, చేతులు నొప్పెట్టేలా కొట్టారు. ఆమె కూడా కొడుతోంది, తడి చేతుల్తోనే. నేను కుర్చీలోంచి లేచి, అందరికీ నమస్కారం పెట్టి, ఆఖరి చప్పట్లు ఆగేదాకా అలాగే నిలబడ్డాను.